తొర్రలో బాలింత

గుడ్లగూబ పంతులుగారి బడిలో చేరడానికి ఒక ఉడత పిల్ల పక్క అడవి నుంచి వచ్చింది. ఆకాశం చూస్తే మబ్బు పట్టింది, ఉండడానికి తొర్ర లేదు. వానాకాలమంతా తినడానికని అమ్మ కట్టి ఇచ్చిన పల్లీల మూట ఒక్కటే దానికి ఆధారం.

దారిలో ఒక తొండ కనబడింది. తొండలు తల ఎందుకు ఊపుతాయో మా కాలేజీలో జంతుశాస్త్రం మేష్టారు గంటసేపు చెప్పారు గాని, నాకిప్పుడు గుర్తులేదు. ఈ తొండ మాత్రం ఉడత ఏమడిగినా ఊపింది.

"ఆ ఇప్పచెట్టు తొర్ర నాదే అమ్మాయ్. మూట ఇచ్చెయ్, ఎల్లుండి దిగిపో."

"ఒకసారి లోపల చూడొచ్చా బాబాయ్?"

"అద్దెకున్న చిలకమ్మకి పురుడు. ఎల్లుండి పురుడు వెళ్లగానే ఖాళీ చేస్తుంది. పురిటింట్లోకి పరాయివాళ్లు వెళ్తారా? మీ అమ్మ నేర్పలేదూ? నీకు వద్దంటే గోరింకకి ఇచ్చేస్తాను."

ఉడత సిగ్గుపడి మూట అందించబోయింది. అంతలో ఉరిమింది. మూట కూడా పోతే ఎలాగని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లోపలికి వెళ్లను బాబాయ్. బయటే నిలబడి బాలింతని పలకరించి వస్తాను."

తొండ తల ఊపడం ఆపేసింది.

ఉడత పిలిస్తే తొర్రలోంచి ముసలి చిలకతాత తొంగి చూశాడు. "బాలింతా? నాకు పెళ్లే కాలేదమ్మా. ఈ వారంలో ముందుగా వచ్చి అడిగింది నువ్వొక్కదానివే. మిగతా ముగ్గురూ ఆ తొండకి అద్దె కట్టేసి సామానుతో దిగారు."

వెనక్కి తిరిగితే తొండ లేదు. వాన మొదలైంది.

"తగ్గేదాకా ఈ కొమ్మ కింద కూర్చో," అన్నాడు చిలక.

ఉడత మూట గుండెకి హత్తుకుని, తడుస్తూనే అడిగింది: "ఈ కొమ్మ మీదేనా తాతా?"