వాననీళ్ల గుంట

గెర్షోన్ టైట్జ్ మూత ఎత్తి టార్చి వేశాడు. వాననీళ్ల గుంటలో చుక్క నీరు లేదు.

గుంట అంచు మీంచి గుమ్మం దాకా తడి చార. ఎవరో మోటారు పెట్టి నీళ్లన్నీ పెరట్లోకి తోడేశారు.

ఎవరో కాదు. గుంట ఉన్న గది తాళంచెవులు రెండే. ఒకటి నిర్మాణ సంఘం అధ్యక్షుడిగా గెర్షోన్ దగ్గర ఉంది. రెండోది జెలిక్ వోల్కిన్ అనే ముసలి పీనుగ దగ్గర. యూదుల ప్రార్థనామందిరమైన పాత సినగాగ్‌ని ఏళ్ల తరబడి చూసుకున్న మనిషి కదా అని మతగురువు రబ్బీ జాలిపడి ఇచ్చిన చెవి. జాలికి ఫలితం ఇదీ!

కొత్త సినగాగ్ గెర్షోన్ కల. మట్టి ఇటుకల గోడలు, ఎండతో పుట్టే కరెంటు, కప్పు నిండా మట్టి పోసి పెంచిన మొక్కలు. ఆ కప్పు మీద పడ్డ వాన గొట్టంలోంచి తిన్నగా ఈ గుంటలోకి దిగాలి. ఆడవాళ్లు శుద్ధికోసం మునిగే కొలను ఈ గుంట పక్కనే ఉంది. గుంటలో ఆకాశం నుంచి తనంత తానుగా దిగిన నీరుంటేనే ఆ కొలనుకి విలువ. మనిషి పోసిన నీరైతే అది ఉత్త స్నానాల తొట్టి.

పోయిన నెల కురిసిన ఒక్క వానకే గుంట అంచుదాకా నిండింది. "కొలను లేని ఊళ్లో కాపురం పెట్టం, ఫీనిక్స్ వెళ్లిపోతాం" అని సామాన్లు సర్దుకుంటున్న కొత్త కుటుంబాలు మర్నాడే వచ్చి చూసి, ఉండిపోయాయి. ఈ గురువారం వాళ్లలో ఒకరి కూతురు పెళ్లికి ముందు మునగాలి. ఇక్కడ మునిగే మొదటి పెళ్లికూతురు.

ఉదయపు ప్రార్థన అయింది. వోల్కిన్ బల్ల చివర కూర్చుని హెరింగ్ చేపముక్క నములుతున్నాడు.

"ఏమయ్యా వోల్కిన్, నీళ్లు బాగా పారాయా?" అన్నాడు గెర్షోన్, నలుగురూ వినేలా.

"నా వయసువాణ్ణి అడగాల్సిన మాటేనా అబ్బాయ్? రాత్రంతా అదే పని."

ఎవరో కిసుక్కున నవ్వారు. గెర్షోన్ నవ్వలేదు. "గుంట ఖాళీ చేశారు రబ్బీ. గురువారం పెళ్లిపిల్ల మునగాలి. ఈయన చేతిలో తాళంచెవి ఉంది, కడుపులో కుళ్లుంది. ఇంకేం కావాలి?"

రబ్బీ ఎలియాకిమ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "వోల్కిన్ గారూ?"

"అవును, తోడేసింది నేనే."



"ఎందుకండీ?"

"మళ్లీ వాన పడదా ఏం? రేపు గాలివాన అని రేడియోలో చెబుతున్నాడు. వీడి నెత్తిమీది తోట పోయిన నెల నింపింది కదా, రేపూ నింపుతుంది. ఏరా గెర్షోన్, నింపదూ?"

"ఎందుకు నింపదు? పొంగి పొర్లుతుంది!"

"అయితే ఏడుపెందుకు?"

"చూశారా రబ్బీ ఈ పొగరు! ఈయన పేరు సభ్యుల్లోంచి కొట్టేయండి."

"కొట్టెయ్యరా. పదిమంది మగవాళ్లుంటేనే సాగే ప్రార్థన పదోవాడు లేక ఆగిపోతుంటే, బస్టాండులో దిగిన ప్రతి యూదుణ్ణీ చొక్కా పట్టుకుని లాక్కొచ్చిన వాణ్ణి నేను. ఇప్పుడు నేను లేకపోతే లోటేముంది? హెరింగ్ పళ్లెం నా దాకా రావట్లేదు, అంత జనం!"

జనం పెరిగితే ఓర్వలేని మొహం ఇలాగే ఉంటుందనుకున్నాడు గెర్షోన్. ఆ చేపముక్క గొంతుకి అడ్డం పడినా బాగుండును.

"వాన పడనివ్వండి. గుంట నిండాక ఈయన సంగతి చూద్దాం" అన్నాడు రబ్బీ.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు కమ్ముకొచ్చి కురిసింది. ఊరంతా కొట్టుకుపోతుందేమో అన్నట్టు కురిసింది. కొత్త కుటుంబాలవాళ్లు, పెళ్లికూతురి తండ్రి, వోల్కిన్, అందరూ గుంట చుట్టూ మూగారు. గెర్షోన్ మూత తీసి, తెర లేపే నాటకాలవాడిలా పక్కకి తప్పుకున్నాడు.

గొట్టంలోంచి చుక్క రాలేదు.

కాసేపు చూశారు. బయట హోరు. లోపల గొట్టం నోరు పొడిగా ఉంది.

"మూసేశాడు! ముసలాడు గొట్టంలో గుడ్డలు కుక్కాడు!" అంటూ గెర్షోన్ వానలోనే నిచ్చెన మీదుగా కప్పెక్కాడు. వెనకాలే రబ్బీ ఎక్కాడు. గెర్షోన్ గొట్టంలోకి భుజందాకా చెయ్యి పెట్టాడు. గుడ్డ లేదు, ఆకు కూడా లేదు. చుట్టూ మట్టి మాత్రం పడ్డ వానని పడ్డట్టే తాగేస్తోంది. మొక్కలు హాయిగా తలలూపుతున్నాయి. గొట్టం దాకా నీరు చేరడమే లేదు.

దిగి వచ్చాక రబ్బీ గడ్డం పిండుకుంటూ అడిగాడు. "పోయిన నెల వాన దీంట్లో సగం కూడా లేదు. అప్పుడెలా నిండింది గెర్షోన్?"

గెర్షోన్ తల ఎత్తి కప్పుకేసి చూశాడు.

"గుమ్మం పక్కనే తోటకి నీళ్లు పట్టే గొట్టం ఉందిగా" అన్నారెవరో.

పెళ్లికూతురి తండ్రి ముందుకొచ్చాడు. "మా పిల్లని కుళాయి నీళ్లలో ముంచి పెళ్లికి పంపేవాడివా? నీ కప్పు పరువు కోసం?"

"నాకు తెలీదు... నా పిల్లల మీద ఒట్టు..."

"ఛీ! ఒట్టు కూడానా!"

నిన్నటిదాకా తాను వోల్కిన్ మీద విసిరిన చూపు ఇప్పుడు ప్రతి మొహంలోంచీ తన మీదికే వస్తోంది. గెర్షోన్ గోడకి ఆనుకున్నాడు. కుటుంబాలు గొడుగులు విప్పుతున్నాయి. ఎవరో అప్పుడే ఫీనిక్స్ మాట ఎత్తారు.

వోల్కిన్ ముక్కుతో నవ్వాడు.

"వాణ్ణి వదిలెయ్యండి రబ్బీ, వాడికి అంత తెలివెక్కడిది? కప్పు పనిచేసిందని నిజంగానే నమ్మాడు వెర్రివెధవ."

గదిలో పట్టక గుమ్మం బయట వానలో తడుస్తున్న జనాన్ని ముసలాయన ఒకసారి కలియజూశాడు.

"సామాన్లు సర్దుకుంటున్న వీళ్లు ఆగాలని తోట గొట్టం పెట్టి నింపింది కూడా నేనే. పిల్ల ఆ నీళ్లలో మునక్కూడదనే తోడేశాను."