ముగ్గురు దయాకర్లు

"నీ పేరు గూడ దయాకరేనా?"

ఉప్పల్‌లో ఆ ఇంటి గుమ్మంలోనే నిలబడి అడిగాడు దయాకర్. ఎదుటివాడు తలూపాడు. అదే వయసు, అదే ఎత్తు, గడ్డం మధ్యలో అదే సొట్ట.

అంతా ఆ డీఎన్ఏ వెబ్‌సైట్ పుణ్యం! కొడుకు తొట్టెల ఫంక్షన్‌కి వంశవృక్షం గీసి గోడకు కడదామని సరదాపడి, గొట్టంలో ఉమ్మి నింపి పంపాడు. తాతముత్తాతలు దొరకలేదు గానీ ఇద్దరు అన్నదమ్ములు ఊడిపడ్డారు. తల్లులు వేరు, తండ్రి మాత్రం ఒక్కడేనని సైటు తేల్చేసింది. ఒకడు ఉప్పల్‌లో, ఇంకొకడు అంబర్‌పేట్‌లో. అంబర్‌పేట్ వాడూ దయాకరే!

"మీ అమ్మను అడిగినవా?"

"నోరు రాలే అన్నా. కీసరకు మొక్కితే పుట్టినవని చిన్నప్పటి సంది చెప్తది. మా నాయన పోయి మూడేండ్లయింది. నయం, ఇది వినకుండ పోయిండు."

"మా అమ్మ గూడ గదే చెప్తది." దయాకర్ పళ్లు కొరికాడు. "మా నాయన నెలనెలా కీసరగుట్టకు పోయెటోడట. ఛీ! గుడికి పోయి గిదా చేసింది?"

"కని అందరికి ఒకటే పేరేందన్నా?"

"తెలివి! ఏ ఇంట్ల నోరు జారినా దొరకకుండ."

బండి మీద నాచారం వచ్చేదాకా దారి పొడుగునా అసహ్యమే. ఆ మనిషి భుజాల మీదెక్కి జాతర చూశాడు తను. ఆ చేత్తో కలిపిన ముద్దలు తిన్నాడు. తలుచుకుంటే ఒళ్లంతా కంపరమెత్తింది.

ఇంట్లో తండ్రి రాజయ్య తొట్టెలకు బంతిపూల దండలు కడుతున్నాడు. నిత్యం గుబురు గడ్డంతో ఉండే మనిషి, రేపు మనవడి చెవిలో పేరు చెప్పాలని పొద్దున్నే మంగలి షాపుకెళ్లి నున్నగా గీయించుకొచ్చాడు.

"తొట్టెల మీద చెయ్యి తియ్యి!" అరిచాడు దయాకర్. "నా కొడుకు చెవిల నీ నోరు పెట్టొద్దు."

"ఏమైందిరా?"

"ఎంతమంది పిల్లలు నీకు?"

"అదేం మాటరా? నువ్వొక్కడివే గదా!"

"ఒక్కడినా? ఉప్పల్ల సూర్యకళ కొడుకెవడు? అంబర్‌పేట్ల శారదమ్మ కొడుకెవడు? కీసరగుట్టకని చెప్పి గీ పనులా? థూ!"

నిజంగానే ఉమ్మేశాడు, ముసలాయన కాళ్ల ముందు. రాజయ్య చేతిలోని దండ జారిపోయింది.

వంటింట్లోంచి పిండి చేతులతో పరుగున వచ్చింది దుర్గమ్మ. మొహం వెలిగిపోతోంది.

"సూర్యకళ, శారదమ్మనా? ఏడ కలిసిన్రు బిడ్డా? మంచిగున్నరా?"

"నీకు ఎరుకేనా అమ్మా వాళ్లు?"

"ఎరుకేనా అంటవేందిరా? ముగ్గురం ఒక్క దవాఖానల, ఒక్క బెంచి మీద కూసొని ఏడ్సినోళ్లం. తొమ్మిదేండ్లు నా కడుపు పండలే. మీ నాయన నా కోసం నెలనెలా గుట్టెక్కిండు, పాపం. ఆఖరికి సూదులు, మందులతోని ముగ్గురికీ ఒక్క ఏడే కొడుకులు పుట్టిన్రు. దవాఖాన సంగతి చెప్పుకుంటే జనం నవ్వుతరని కీసర దేవుని పేరు చెప్పినం."

దయాకర్ మెల్లగా తండ్రి వైపు తిరిగాడు. ఆ నున్నటి గడ్డం మీద సొట్ట లేదు.

"మరి... ముగ్గురికీ ఒకటే పేరేందమ్మా?"

దుర్గమ్మ పిండి చేతులు రెండూ ఎత్తి దండం పెట్టింది.

"మా డాక్టర్ సారు పేరు బిడ్డా."