వరుసలో మొదటి చోటు

"చివర ఎవరు?"

క్లినిక్ మెట్ల దగ్గరికి ఆయాసపడుతూ వచ్చి అడిగింది జివ్కా.

"నేనే. నా వెనక నిలబడు," అంది గొడుగు పట్టుకున్న ఆవిడ. "లాభం లేదులే. పద్నాలుగో దానివి."

పెద్దాసుపత్రిలో పరీక్ష చేయాలంటే డాక్టర్ మిలేవా చీటీ రాసివ్వాలి. ఆమెకు నెలకు పది చీటీలే. ఒకటో తారీఖున తెల్లవారేసరికి వచ్చి నిలబడ్డవాళ్ళకే అవి. బట్టల ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ దిగి, బస్సు పట్టుకుని వచ్చేసరికి జివ్కాకి ఈ వేళైంది.

పై ఆఫీసు నుంచి వచ్చిన ఆ నియమం కాగితం తలుపు మీదే అంటించి ఉంది. పాతబడి పసుపెక్కింది. అందరూ తిట్టేవాళ్ళే గాని, అడుగుదాకా చదివినవాళ్ళు లేరు.

"దీని మీద సంతకం పెట్టిన చెయ్యి పడిపోను!" అంది గొడుగావిడ.

అందరూ నవ్వారు, మొదట నిలబడ్డ ముసలాయన తప్ప. ఆయనకు దగ్గు తెర వచ్చింది.

ఈ ఊరొచ్చి రెండేళ్ళయినా ఆయన పేరేమిటో వరుసలో ఎవరికీ తెలియదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

దగ్గు ఆగాక ఆయన ఒక్కొక్కరినీ పలకరిస్తూ వరుస చివరికి వచ్చాడు.

"నీకేమైందమ్మా?"

"మీకెందుకు తాతా? మీరేమన్నా డాక్టరా?"

"కాదు. అయినా చెప్పు."

"పొద్దున్నే ఊళ్ళోవాళ్ళ రోగాలన్నీ కావాలి ఈయనకి," అంది గొడుగావిడ. "ఇంట్లో తోచక."

"నిజమే. ఇంట్లో పలకరించేవాళ్ళు లేరు," అన్నాడాయన. ఆ గొంతులో కోపం లేదు.

జివ్కాకి ఒళ్ళు మండింది. "రొమ్ములో గడ్డ. చాలా? ఇంకేమైనా చెప్పాలా?"

ఆయన వరుస మొదట్లో ఖాళీగా ఉన్న తన చోటు చూపించాడు.

"వెళ్ళి నా చోట్లో నిలబడు."

"మరి మీరు?"

"చోటిచ్చినవాడు చివరికి పోవాలి. పద్ధతి అదేగా."

"మళ్ళీ ఇచ్చేశాడు!" అంది గొడుగావిడ. "ప్రతి నెలా ఇదే వరస. చీటీ అక్కర్లేనివాడు చీకటితోనే వచ్చి నిలబడటమెందుకో!"

జివ్కా పరుగున వెళ్ళి తలుపు ముందు నిలబడింది. ఆయన మనసు మార్చుకుంటాడేమోనని వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

గడ్డ వేళకు బయటపడింది. కోసి తీసేశారు.

మూడు నెలల తర్వాత, ఒకటో తారీఖున మళ్ళీ వచ్చింది. చీటీ కోసం కాదు. ఆయన కోసం జున్ను పెట్టి కాల్చిన బానిత్సా రొట్టె, వేడి పోకుండా గుడ్డలో చుట్టి తెచ్చింది.

మొదటి చోట్లో గొడుగావిడ ఉంది.

"తాత రాలేదా?"

ఆవిడ తలుపు వైపు చెయ్యి చూపించింది. నియమం కాగితం పక్కన కొత్తగా ఒక చావు కబురు కాగితం. నల్ల అంచు, మధ్యలో ఆయన ఫోటో.

తలుపు తాళం తీస్తున్న డాక్టర్ మిలేవా ఆగింది.

"మామూలుగా ఇవి ఇంటివాళ్ళు అంటించాలి. ఆయనకెవరూ లేరుగా, నేనే అంటించాను. ఊపిరితిత్తులు పాడైపోయాయి. మీ చీటీ మీరు తీసుకోండని నెలనెలా మొత్తుకున్నాను. నా వంతు రానీ అనేవాడు. చివరికెళ్ళి నిలబడితే వంతెక్కడ వస్తుంది?"

"ఆయనకొక్కడికీ పదకొండోది రాయలేకపోయారా?"

"రాస్తానన్నాను జివ్కా. నాకోసం మాత్రం నియమం తప్పొద్దన్నాడు."

జివ్కాకి ఏడుపు ముంచుకొచ్చింది. తన ప్రాణం నిలిపిన మనిషి పేరు కూడా తను అడగలేదు. ఇప్పుడైనా తెలుసుకుందామని తలుపు దగ్గరికి వెళ్ళింది.

ఫోటో కింద లాజార్ కరాదిమోవ్ అని ఉంది. పక్కనున్న పసుపెక్కిన కాగితం అడుగున, సంతకం కింద అచ్చువేసి ఉన్న పేరూ అదే.