కండ కట్టని గిన్నె

"నిజం చెప్పు సీసాలమ్మా! వీటికి మేత పోశావా, లేదా?"

డాక్టరమ్మ అరుపుకు ప్రయోగశాలలో అందరి చేతులూ ఆగిపోయాయి. అక్కడ గాజు సీసాలు కడిగే ఆమెను అందరూ సీసాలమ్మ అనే పిలుస్తారు. చేతులకున్న సబ్బు నురగతోనే పరుగున వచ్చింది.

"నా బిడ్డ మీద ఒట్టమ్మా. నేను వాటి జోలికే పోలేదు."

"పోయిన నెల పోశావుగా?"

పోసిన మాట నిజమే. ఆ గాజు గిన్నెల్లో ఉండేవి మనుషుల కండలోంచి తీసిన, ఇంకా ఏ పనీ నేర్వని పసికణాలు. కడుపునిండా మేపితే ఒకటి రెండై, రెండు నాలుగై మంద పెరుగుతుందే తప్ప ఎందుకూ కొరగావు. మేత తగ్గించి కడుపు మాడిస్తేనే దారికొస్తాయి. పక్కపక్కన చేరి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పొడుగాటి కండపోగులవుతాయి. ఆ సంగతి తెలియని సీసాలమ్మ, పాపం మాడిపోతున్నాయని జాలిపడి, గిన్నెల నిండా మేత పోసేసింది. పది రోజుల పని బూడిదలో పోసిన పన్నీరైంది.

"ఇంకోసారి చేస్తే ఇంటికే అన్నారు. ఈ పని పోతే మేమిద్దరం ఏం తిని బతకాలమ్మా? అంత తెలివితక్కువదాన్నా?"

"మరి ఇదేంటి? ఈ గిన్నెలోవి నీ కూతురి కణాలు. దానికి కండలు కరిగిపోయే జబ్బు కాబట్టి కండ కట్టలేదు, సరే. పక్కది నీ తొడలోంచి తీసింది. మంచి ఒంటి కణాలు ఎలా ఉంటాయో పోల్చి చూద్దామని పెట్టాం. అదీ కట్టలేదు! నువ్వు పోయకపోతే ఎలా పాడైంది?"

"నా ఒంటికేమమ్మా, గుండ్రాయిలా ఉన్నాను. ఇరవై రెండేళ్ల పిల్లను రోజూ మూడంతస్తులు మోసుకుని ఎక్కుతున్నాను, దిగుతున్నాను. దాని కాళ్లూ చేతులూ నేనే."

"అందుకే అడుగుతున్నా. నీ ఒంట్లో లోపం లేదంటే నీ చేతిలోనే ఉంది."

"ఒకసారి తప్పు చేస్తే ఊళ్లో తప్పులన్నీ నావేనా?" సీసాలమ్మ నురగ చేతులు కొంగుకు తుడుచుకుంది.

సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న సహాయకురాలు తలెత్తింది. "మేడమ్, సీసాలమ్మ పిన్ని పోయలేదు. పోసుంటే గిన్నె అంచుదాకా కిక్కిరిసిపోయేవి కదా? ఇవి పెరగనూ లేదు, కండా కట్టలేదు. అదే అరలో, అదే మేతతో నా కాలి కణాలు కూడా పెట్టాను. చూడండి, కండ కట్టి ఎలా ఎగిరిపడుతున్నాయో!"

డాక్టరమ్మ కంటిని అద్దానికి ఆనించి చాలాసేపు చూసింది.

సీసాలమ్మ గుండెల మీది బండ దిగింది. "చూశారా! నిజం నిలకడ మీద తేలుతుందని ఊరికే అన్నారా? ఇప్పుడేమంటారు?"

డాక్టరమ్మ ఇటు తిరిగింది. తన కుర్చీ ఆమె ముందుకు లాగింది. "కూర్చో" అంది. సీసాలమ్మను అక్కడ కూర్చోమన్నవాళ్లు అంతవరకూ లేరు.

"నా చెయ్యి గట్టిగా పట్టుకో. ఊఁ, ఇప్పుడు వదిలెయ్."

సీసాలమ్మ వదలబోయింది. వేళ్లు మాట వినలేదు. ఒకటి విచ్చుకున్నాక మరొకటి, తడిసిన ముడి విప్పినట్టు, నెమ్మదిగా విడివడ్డాయి.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"రెండేళ్లుంటుంది. నీళ్లలో నాని బిగుసుకున్నాయనుకున్నాను."

"పరీక్ష చేయించాలి. కానీ..." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "నీ కూతురి జబ్బు నీ నుంచే వచ్చినట్టుంది. నీకు ఆలస్యంగా మొదలైంది, అంతే తేడా. ఇక దాన్ని మెట్ల మీద మొయ్యకు. ఇద్దరూ పడతారు."

సీసాలమ్మ ఆ వేళ్లను ఒళ్లో దాచుకుంది.

అంతలో తలుపు తోసుకుంటూ చక్రాల కుర్చీ లోపలికి వచ్చింది. ఫలితం కోసం పొద్దుటి నుంచీ వరండాలో కూర్చుని, లోపలి అరుపులు విన్న కూతురు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మా, నీ గిన్నె కూడా కండ కట్టలేదటగా? నీకేం కాలేదు కదా? నువ్వు కూడా ఇలా అయిపోతే నా గతేంటే?"

డాక్టరమ్మ నోరు తెరవబోయింది. సీసాలమ్మ చటుక్కున లేచి అడ్డంగా నిలబడింది.

"నాకేమవుతుందే పిచ్చిదానా? బుద్ధి గడ్డి తిని, మళ్లీ నేనే మేత పోసేశాను."