ఇస్తాంబుల్ ఉస్తాద్

“ఇంకా పెద్దగ నవ్వు అన్నా... ఆఁ, గట్ల!”

విక్రమ్ తన ఫోన్‌తో బెన్నీ నోటిని ఫొటో తీశాడు. తెరమీద రెండుసార్లు వేలితో తట్టి, ఫోన్‌ను అతని ముందుకు జరిపాడు. “టర్కీ పోయొచ్చినంక గిట్లుంటవు.”

మొహం బెన్నీదే. నోట్లో మాత్రం ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. బెన్నీ మురిసిపోయాడు.

ఉప్పల్ మెట్రో స్టేషన్ ఎదుట, రెండో అంతస్తులో విక్రమ్ ఆఫీసు. అందమైన పలువరస కావాలన్నవాళ్ళను ఇస్తాంబుల్ పంపడం అతని పని. అక్కడ ఇరవై పళ్ళ ముందు భాగం అరగదీసి, వాటిమీద తెల్లటి పలుచని పెంకులు అతికిస్తారు. వెనీర్లంటారు వాటిని. వారం రోజుల హోటలూ, పడవ షికారూ అందులోనే కలిపి ఇస్తారు. సొంత పళ్ళు పోయినా షికారు ఫొటోలు మిగులుతాయన్నమాట.

“రేపు పాస్‌పోర్టు తెచ్చి సంతకం వెట్టు. ఈ బ్యాచ్‌ల రెండే సీట్లున్నయి,” అన్నాడు విక్రమ్.

నిజానికి బెన్నీ పళ్ళకు ఏ రోగమూ లేదు. చెరుకుగడను చీల్చి పారేసే పళ్ళు. ముందు పన్ను ఒక్కటి మాత్రం పక్కదానిమీదికి కొంచెం ఒరిగి ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా దాన్నెవరూ పట్టించుకోలేదు. నాచారంలోని వాళ్ళ చర్చి ఆదివారం ఆరాధనను యూట్యూబ్‌లో లైవ్ పెట్టడంతో వచ్చింది తంటా. ముందు నిలబడి పాటలు పాడించే బెన్నీ నోరు ఫోన్ల నిండా కనపడింది. కింద ఎవరో రాశారు: “అన్న పాట సూపర్. పన్ను మాత్రం పక్కదాని దిక్కు చూస్తుంది.” ఆ మాటకు పదకొండు లైకులు. అందులో ఒకటి సొంత బావమరిదిది! ఆ రోజు నుంచీ బెన్నీ నోరు విప్పకుండా పాడటం సాధన చేస్తున్నాడు. అది ఎక్కడైనా కుదిరే పనేనా?

నాచారంలో పళ్ళ డాక్టరు తారామణిని అడిగితే ఆమె మొహమాటం లేకుండా చెప్పేసింది. “ఒక్క పన్ను కోసం ఇరవై పళ్ళు అరగదీయించుకుంటారా? అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. ఆ పెంకులు కూడా జీవితాంతం ఉండవు, మార్చుకుంటూ పోవాలి. మధ్యలో ఒకటి ఊడితే మళ్ళీ విమానం ఎక్కుతారా? క్లిప్పు వేస్తాను, ఆ ఒక్కటీ సర్దుకుంటుంది.”

బెన్నీకి రుచించలేదు. నాచారంలో వేయించుకున్న క్లిప్పు గురించి నలుగురికీ ఏం చెప్పుకుంటాడు? పొరుగింటి పుల్లకూర రుచి. అందులోనూ పొరుగు దేశమైతే చెప్పేదేముంది!

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య రాహేలు చపాతీ పిండి కలుపుతోంది. పిండిని ముద్దచేసి, గోటితో దానిమీద చిన్న సిలువ గీసింది. అది వాళ్ళమ్మ నుంచి వచ్చిన అలవాటు. పిండిముద్ద కానీ, పచ్చడి జాడీ కానీ, తాను చేసిన దేనిమీదైనా సిలువ గీయనిదే ఆమె చెయ్యి ఊరుకోదు. అడ్డగీత మాత్రం ఎప్పుడూ కుడివైపు కొంచెం కిందికి జారిపోతుంది.

“డాక్టరమ్మ ఒద్దన్నదంట గద, నిస్సీ డాడీ?” కూతురి పేరుతోనే మొగుణ్ణి పిలుస్తుందామె.

“ఆమెకేం ఎరుక! ఇస్తాంబుల్ పనితనమే వేరు.”

“సక్కటి పళ్ళు అరగదీపిచ్చుకుంటవా? సచ్చేదాంక గా నోటితోనే తినాలె. నా మాట జర ఇను. మా కంపెనీల...”

“మీ కప్పుల కంపెనీ ముచ్చట తర్వాత జెప్పుదువుతీయ్.”

రాహేలు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక సిరామిక్ కంపెనీలో పనిచేస్తుంది. సిరామిక్ అంటే కప్పులూ సాసర్లూ అని పెళ్ళైన కొత్తలోనే బెన్నీ తేల్చేసుకున్నాడు. ఏడేళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆమె పని సంగతి ఎత్తినప్పుడల్లా అతనికి ఆదివారం పాడించాల్సిన పాట గుర్తొస్తుంది.

రాహేలుకు ఒళ్ళు మండింది. చపాతీని పెనం మీద గట్టిగానే వేసి, కాసేపటికి మెత్తగా అంది. “సరే, పో. ఒక్కటి మాత్రం జెయ్యి. సంతకం వెట్టేముంగట ఆళ్ళ పన్ను ఒకటి చేతిల వట్టుకొని, తిరగేసి లోపలి దిక్కు సూడు. కప్పు కొన్నా అడుగు సూస్తం గద?”

కప్పుల మనిషికి కప్పుల తెలివే అనుకుని నవ్వుకున్నాడు బెన్నీ. కానీ సలహా బాగానే ఉందనిపించింది.

మర్నాడు విక్రమ్ కాగితాలు పరిచాడు. బెన్నీ పాస్‌పోర్టు బల్లమీద పెట్టి, పెన్ను తీసి, ఆగాడు. “నమూనా పన్ను ఉంటే జర సూపెట్టు తమ్మీ.”

విక్రమ్ ఎర్ర మఖ్మల్ పెట్టె తెరిచాడు. “ఇస్తాంబుల్ క్లినిక్ పంపింది. మంచిగ సూడు, ఫికర్ జెయ్యకు.”

గోరంత ఉందా పెంకు. బెన్నీ తిరగేశాడు. లోపలివైపు సన్నగా ఏదో గీసి ఉంది.

“ఉస్తాద్ గుర్తన్నా అది!” విక్రమ్ భూతద్దం అందించాడు. “ఆడ ఒక్కడే ఉస్తాద్ ఉన్నడు. ఆయన చేత్తోని జేసినయాటికే గా గుర్తుంటది. మస్తు పెద్దోళ్ళు ఆయన కోసం ఆర్నెల్లు ఆగుతరు. మన హైదరాబాదోళ్ళకు నూరేండ్లైనా రాదు గసువంటి పనితనం!”

బెన్నీ భూతద్దంలోంచి చూశాడు. చిన్న సిలువ. అడ్డగీత కుడివైపు కొంచెం కిందికి జారి ఉంది.

అతను పెన్ను కింద పెట్టేశాడు. పాస్‌పోర్టు జేబులో వేసుకుని రాహేలుకు ఫోన్ కలిపాడు. అవతల మిషన్లు గుర్రుమంటున్నాయి.

“రాహేలూ... నువ్వు కంపెనీల ఏం జేస్తవే?”

ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చింది ఆ ప్రశ్న.

“ఇస్తాంబులోళ్ళకు పళ్ళు జేస్త.”