కండె

“కాందే? మన స్విచ్‌లో ఉల్లిగడ్డలేంటయ్యా?” అన్నాడు మేనేజరు హర్షద్‌భాయ్, తెర మీది ఇంగ్లిష్ అక్షరాలు చదివి.

కిటికీ కింద మరాఠీ బండివాడు కూడా “కాందే... బటాటే...” అని అరుస్తున్నాడు. ఇంకో రోజైతే హర్షద్‌భాయ్ నవ్వేవాడే. కానీ దీపావళికని దాచుకున్న చీరల డిజైన్లు పోటీ కంపెనీ దుకాణాల్లో అప్పుడే వేలాడుతున్నాయి.

“కాందే కాదు సార్, కండె,” అన్నాడు కమలాకర్ హిందీలో. “మా తెలుగు నేతవాళ్ల మాట. నూలు చుట్టే చిన్న గొట్టం.”

ఇంగ్లిష్ అక్షరాలతో ఇదే తంటా. ఎవరి నోటికి ఎలా వస్తే అలా పలుకుతాయి.

కమలాకర్ సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, ఆ కంపెనీలో సర్వర్ల గదికి పెద్దయ్యాడు. డిస్కులను సర్వర్లతో కలిపే స్విచ్ అతని చేతిలోనే ఉంటుంది. ఇంట్లో గదులకు గోడలు కట్టినట్టు, ఒక్కో విభాగానికి ఒక్కో జోన్ కట్టిపెట్టాడు. అకౌంట్స్ వాళ్లకు డిజైన్లు కనబడవు, డిజైన్ల వాళ్లకు అకౌంట్స్ కనబడవు. ఇప్పుడు ఆ గోడకే ఎవరో కన్నం వేశారు. కొత్తగా ఈ పేరుతో జోన్ కట్టి, డిజైన్ల డిస్కును బయటివాళ్లకు అందే సర్వర్‌తో కలిపేశారు.

“ఎవరి పని ఇది?”

“అడ్మిన్ లాగిన్‌తో చేశారు సార్. అది నాకూ, నా కింద పనిచేసే ఉమాకాంత్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.”

“ఎవరి లాగిన్ వాళ్లకు పెట్టమని మొత్తుకున్నానా లేదా?”

“తమ్ముడనుకున్నాను సార్. పోయిన నెలే నా నోటితో నేనే పాస్‌వర్డ్ చెప్పాను.” కమలాకర్ నుదురు కొట్టుకున్నాడు.

“పేరు చూసి అతనేనని ఎలా అంటావు?”

“ఈ ఆఫీసులో తెలుగువాళ్లం ఇద్దరమే. పైగా నేతవాళ్ల పిల్లవాడు. కండె అని వాడు కాక ఇంకెవడు పెడతాడు?”

మాట సబబుగానే తోచింది. పోలీసులకు చెప్పేముందు ఒకసారి అడుగుదామని హర్షద్‌భాయ్ కబురు పంపాడు.

ఉమాకాంత్ పరుగున వచ్చాడు. సూరత్‌లోనే డిండోలి పేటలో పుట్టి, అక్కడే హిందీ బడిలో చదివినవాడు. మొన్న కమలాకర్ అమ్రోలిలో కొత్త ఫ్లాట్ కొని పాలు పొంగిస్తే, సామానంతా మోసింది ఇతనే. సకినాలు చేసి పంపింది ఇతని తల్లి బాలవ్వ.

“బులాయించినవా అన్నా?”

“అన్నా గిన్నా అనకు!” కమలాకర్ తెలుగులో విరుచుకుపడ్డాడు. “తిన్నింటి వాసాలు లెక్కవెడ్తవురా? నీకు పని నేర్పింది గిందుకేనా?”

“నేనేం జేసిన?”

“డిజైన్లు అమ్ముకొని నన్నే అడుగుతున్నవా? ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటరు. నేను పట్టిన.”

ఉమాకాంత్ రెండు చేతులూ జోడించాడు. ఈ మాట ఇంకెవరన్నా అంటే తిరగబడేవాడు. చెయ్యి పట్టి పని నేర్పిన మనిషే దొంగ అంటుంటే గుండె పగిలినట్టయింది.

“అమ్మతోడు, నేను గాదన్నా. ఈ నౌకరి పోతే మా అమ్మ మళ్ల చీరలకు మెరుపు రాళ్లు అంటియ్యవోవాలె. కండ్లు గూడ కనవడ్తలేవు ఆమెకు. నువ్వన్న జర నమ్ము.”

“నమ్మే గదరా మోసపోయిన,” అని కమలాకర్ కళ్లు తుడుచుకున్నాడు. మేనేజరు వైపు తిరిగి, “ఫోన్ చేసెయ్యండి సార్,” అన్నాడు.

హర్షద్‌భాయ్ ఫోన్ అందుకోబోయి ఆగాడు. తెరను ఉమాకాంత్ వైపు తిప్పి, “ఈ జోన్ నువ్వు కట్టావా, లేదా? ముందు పేరు చదువు,” అన్నాడు.

ఉమాకాంత్ ముందుకు వంగాడు. కన్నీళ్లు అడ్డం వస్తుంటే మోచేత్తో తుడుచుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. ఏమీ అర్థంకాక, ఎప్పుడూ సందేహం అడిగే అలవాటు కొద్దీ కమలాకర్ వైపే చూశాడు.

“కాందేనా? ఉల్లిగడ్డల పేరేందన్నా?”

హర్షద్‌భాయ్ కమలాకర్ మీదే చూపు నిలిపి ఫోన్ అందుకున్నాడు.