రెండు గంటల నాలుగు నిమిషాలకు వచ్చిన టెండరు

ఆ కవరు నేను తీసుకోవలసిందా? పదకొండేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది.

మాది వివక్షపై ఫిర్యాదులు విచారించే రాష్ట్ర పౌరహక్కుల శాఖ. విచారణలకు వచ్చే వినపడనివాళ్ల కోసం సైగభాష దుబాసీలను పంపే కాంట్రాక్టుకు టెండర్లు పిలిచాం. గడువు మధ్యాహ్నం రెండు గంటలు. అప్పటికి రెండు కవర్లు అందాయి. రెండు గంటల నాలుగు నిమిషాలకు, దుబాసీల సంస్థ నడిపే రోండా రొప్పుతూ వచ్చి మూడోది నా బల్ల మీద పెట్టింది. ఈ పని రాకపోతే ఆమె సంస్థ మూతపడుతుందని నాకు తెలుసు.

"తీసుకున్నావంటే మిగతా ఇద్దరూ కోర్టుకెక్కుతారు," అన్నాడు మా పైఅధికారి గ్లెన్. "ఆలస్యం ముద్ర కొట్టి పంపెయ్."

రోండా నా పెన్ను తీసుకుని రాసింది: "ఒకటిన్నరకే వచ్చాను. కింద గోడకున్న మైకులో పేరు చెబితేనే మీ తలుపు తీస్తారు. నాకు వినపడదు, మాట్లాడలేను. ఎవరైనా బయటికొచ్చేదాకా నిలబడ్డాను."

గ్లెన్ చదివాడు. ఆమెకు వినపడదన్నది మరిచి గొంతు తగ్గించాడు. "ఖర్మ చూడు, దీనిమీద ఫిర్యాదు చెయ్యాలన్నా మన దగ్గరికే రావాలి."

నేను ముద్ర కొట్టాను.

సమయానికి వచ్చిన ఇద్దరికీ న్యాయం చేశానా, గ్లెన్‌కు భయపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.